ఏళ్ళ తర్వాత స్క్రోల్ సా: మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

స్క్రోల్ సా, అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే రంపం మెషీన్. దాని మీద కొన్నాళ్ళు ముచ్చటగా చెక్క కోసి, తర్వాత ఉద్యోగమో పిల్లల చదువులో ఇల్లు మారడమో అడ్డొచ్చి వదిలేసినవాళ్ళు తక్కువేం కాదు. గుడ్డ కప్పి మూలకు నెట్టిన మెషీన్‌ని మళ్ళీ బయటికి తీస్తే మొదటి గంటలో జరిగేది దాదాపు అందరికీ ఒకటే. గీత మీద పోవాల్సిన బ్లేడు పక్కకు లాగుతుంది. మలుపు దగ్గర చెక్క మాడి నల్లబడుతుంది. డిజైన్‌లోని సన్నటి కొమ్మ ఒకటి పుటుక్కున విరుగుతుంది. "ఇక నా చెయ్యి తిరగదులే" అనుకుని లేచిపోతారు.

తొందరపడి చేతిని తిట్టుకోకండి. ఇన్నేళ్ళలో బ్లేడు తుప్పు పట్టింది, బిగింపులు వదులయ్యాయి, బల్ల మట్టం తప్పింది. ఆ మూడూ సరిచేసుకుంటే చెయ్యి ఒకట్రెండు పూటల్లో దారికొస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరుస ఇది: ముందు మెషీన్, తర్వాత బ్లేడు, తర్వాత చెయ్యి, ఆఖర్న డిజైన్. చాలామంది డిజైన్‌తో మొదలుపెట్టి వెనక్కి వస్తారు. విసుగంతా అక్కడే పుడుతుంది.

మెషీన్‌ని లేపండి

ప్లగ్గు పీకేసి పని మొదలుపెట్టండి. ముందు బల్ల చూడండి. పోత ఇనుముదైతే ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. బాగా సన్న రకం స్టీల్ ఊలుతోనో, 400 నంబరు ఉప్పు కాగితంతోనో ఒకే దిశలో రుద్ది, మినరల్ స్పిరిట్‌తో (పెయింటు పలచన చేసే ద్రావకం) తుడిచి, ఆరాక పేస్ట్ వ్యాక్స్ పలచగా పట్టించి మెరిసేదాకా గుడ్డతో తోమండి. అల్యూమినియం బల్లకు తుప్పు పట్టదు గానీ చెక్క అడుగున నల్లటి మరకలు అంటిస్తుంది, దానికీ మైనం పూయాల్సిందే. కారుకు వాడే పాలిష్ ఇంట్లో ఉంది కదా అని అది మాత్రం పూయకండి. చాలా వాటిలో సిలికోన్ ఉంటుంది. అది చెక్కకు అంటితే, మీరు తర్వాత వేసే వార్నిష్ అక్కడక్కడ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

తర్వాత బ్లేడు పట్టుకునే క్లాంపులు. ఎక్కువ మంది వదిలేసేది వీటినే. స్క్రూ మొనల్లో పాత రంపపు పొడి, నూనె కలిసి గట్టిపడి ఉంటుంది. వాటిని పూర్తిగా విప్పి, బ్లేడును కరిచే రెండు ముఖాలనూ స్పిరిట్‌తో కడిగి, ఉప్పు కాగితం మీద రెండుసార్లు లాగండి. నున్నగా అరిగిన ముఖం బ్లేడును పట్టి ఉంచలేదు. పని మధ్యలో బ్లేడు జారి ఊడిపోతోందంటే సాధారణంగా కారణం ఇదే, బిగించడానికి మీ బలం చాలక కాదు.

పొడిని ఊదే గాలి గొట్టాన్నీ, దానికి గాలి కొట్టే రబ్బరు తిత్తి ఉంటే దాన్నీ చూడండి. రబ్బరు ఏళ్ళు గడిస్తే పగులుతుంది. గాలి రాకపోతే గీత పొడి కింద దాక్కుంటుంది. అప్పుడు మీరే నోటితో ఊదుతూ ముఖాన్ని బ్లేడు దగ్గరికి తెచ్చుకుంటారు, అది మంచిది కాదు. ఆర్మ్‌లు (బ్లేడు పై కొసనూ కింది కొసనూ పట్టుకుని ఆడే చేతులు) తిరిగే కీళ్ళకు నూనె ఎక్కడ వేయాలో మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పై ఆర్మ్‌ని చేత్తో పట్టుకుని పక్కలకు ఊపండి. బాగా ఆడుతుంటే ఆ కీళ్ళలోని బుష్‌లు అరిగాయన్నమాట.

ఇంకో జాగ్రత్త. "ముందు ఖాళీగా తిప్పి చూద్దాం" అని బ్లేడు లేకుండా స్విచ్ వేయకండి. సమాంతరంగా నడిచే రెండు ఆర్మ్‌ల మెషీన్లలో పైదాన్నీ కిందిదాన్నీ కలిపి నడిపించేది బ్లేడే. అది లేకపోతే పై ఆర్మ్ ఇష్టం వచ్చినట్టు ఎగురుతుంది. బ్లేడు బిగించి, అతి తక్కువ వేగంలో మొదలుపెట్టి, శబ్దం వింటూ మెల్లగా పెంచండి. మెషీన్ వణుకుతుంటే స్టాండు బోల్టులు బిగించి, స్టాండు కింది అరలో ఇసుక సంచి ఒకటి పెట్టండి. ఆ వణుకు నేరుగా మీ గీతలోకి వస్తుంది.

బల్ల మట్టం పరీక్ష

బ్లేడుకు బల్ల సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. మెషీన్ మీద ఉండే డిగ్రీల గీతల్ని నమ్మకండి, అవి ఉజ్జాయింపువే. చిన్న మూలమట్టం ఆనించి చూడొచ్చు గానీ, అంతకంటే నమ్మదగ్గ పద్ధతి ఇంకోటుంది.

నలభై మిల్లీమీటర్ల మందమున్న పనికిరాని చెక్క ముక్క తీసుకోండి. బ్లేడు ముందు పెట్టి, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గాడి పడేదాకా కోసి ఆపేయండి. మెషీన్ ఆఫ్ చేయండి. ఇప్పుడు ఆ ముక్కను తలకిందులు చేయకుండా, బల్ల మీదే సగం చుట్టు తిప్పి బ్లేడు వెనక్కి తీసుకెళ్ళండి. గాడిని బ్లేడు వీపుకు ఎదురుగా పెట్టి ముందుకు జరపండి. పైనుంచి కింద దాకా ఎక్కడా వంగకుండా బ్లేడు గాడిలోకి జారితే మట్టం సరిగ్గా ఉంది. పైన దూరి కింద తగులుతుంటే బల్ల వాలి ఉంది. ముక్కను తిప్పడంతో తేడా రెట్టింపై కనిపిస్తుంది, అందుకే అర డిగ్రీ తేడా కూడా కంటికి ఆనుతుంది. బల్లను కొద్దిగా జరిపి, కొత్త గాడి వేసి మళ్ళీ చూడండి. అయిదు నిమిషాల పని. దీన్ని దాటేసి మందపాటి చెక్కలో పజిల్ కోస్తే ముక్కలు ఒక వైపు నుంచే ఊడతాయి, రెండో వైపు నుంచి రావు.

బ్లేడ్లు కొత్తవే కొనండి

డబ్బాలో మిగిలిన పాత బ్లేడ్లు తుప్పు పట్టి ఉంటే పారేయండి. ఇందులో పొదుపు పనికిరాదు.

మామూలు స్క్రోల్ సా బ్లేడు పొడవు 5 అంగుళాలు. కొన్నిటికి రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పిన్ను బ్లేడు ఎక్కించడం సుఖమే గానీ, పిన్ను దూరాలంటే బెజ్జం పెద్దది కావాలి. జాలీ పనిలో లోపలి ఖాళీలు కోయడానికి ముందు బెజ్జం వేసి బ్లేడును అందులోంచి దూర్చాలి, సన్నటి జాలీకి పెద్ద బెజ్జం కుదరదు. మీ మెషీన్ పిన్ను రకమే తీసుకునేదైతే, పిన్ను లేనివి పట్టే క్లాంపులు విడిగా దొరుకుతాయేమో ముందు అది వాకబు చేయండి. కొత్త మెషీన్ గురించి ఆలోచన ఆ తర్వాత.

నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావవుతుంది. 2/0, 0, 1 సన్నవి. 3, 5 నడిమివి. 7, 9, 12 లావువి. తిరిగి మొదలుపెట్టేవాళ్ళకు 1, 3, 5 చాలు. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 1 లేదా 3, ఇరవై మిల్లీమీటర్ల దాకా మందమున్న చెక్కకు 5. చెక్క బాగా గట్టిదైతే 7 తెచ్చుకోండి. ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోండి: కోసేటప్పుడు చెక్క మందంలో కనీసం మూడు పళ్ళు ఉండాలి. అంతకన్నా తక్కువుంటే బ్లేడు చెక్కను కొరుకుతూ ఎగరేస్తుంది.

పళ్ళ రకాల్లో రివర్స్ స్కిప్ టూత్ తీసుకోండి. స్కిప్ టూత్ అంటే పన్ను విడిచి పన్ను ఉండేది. వీటిలో కింది కొసన కొన్ని పళ్ళు పైకి చూస్తుంటాయి, అవి చెక్క అడుగున పేళ్ళు లేవకుండా కోస్తాయి. ప్లైవుడ్‌తో పనిచేసేవాళ్ళకు ఇది పెద్ద ఊరట. తాడులా మెలితిప్పిన స్పైరల్ బ్లేడు ఏ దిక్కుకైనా కోస్తుందని ఊరిస్తారు. నిజమే, కోస్తుంది, కానీ గాడి వెడల్పుగా, గరుగ్గా వస్తుంది, చెక్క పొరల వెంట దానంతటదే పరిగెడుతుంది. చెయ్యి కుదిరేదాకా దాని జోలికి పోకండి.

బిగించే ముందు బ్లేడు రెండు కొసలూ స్పిరిట్ గుడ్డతో తుడవండి. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది, దానివల్లా క్లాంపులో జారుతుంది. పళ్ళు మీ వైపు, మొనలు కిందికి ఉండాలి. ఎటో తెలియకపోతే వేలిని బ్లేడు వెంట కింది నుంచి పైకి మెల్లగా జరపండి, గుచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. రివర్స్ పళ్ళ బ్లేడైతే, ఆర్మ్ పూర్తిగా పైకి లేచినప్పుడు ఆ తిరగబడ్డ పళ్ళు రెండో మూడో బల్ల పైకి రావాలి. రాకపోతే ఆ బ్లేడు కొన్నా కొననట్టే.

బిగువు ఎంత? ఆగి ఉన్న బ్లేడును వేలితో పక్కకు నొక్కితే మూడు మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. మీటితే బొంగురుగా కాక, బిగించిన వీణ తీగలా ఖంగుమనాలి. కొత్తగా వచ్చేవాళ్ళు, తిరిగొచ్చేవాళ్ళు ఇద్దరూ బ్లేడు తెగుతుందేమోనని వదులుగానే ఉంచుతారు. వదులు బ్లేడే ఎక్కువ తెగుతుంది. మందమైన చెక్కలో పొట్ట ఉబ్బినట్టు వంగి, పైన గుండ్రం ఒకలా, కింద ఒకలా కోస్తుంది.

ఇప్పుడు చెయ్యి

కూర్చునే ఎత్తు చూసుకోండి. మోచేతులు బల్ల ఎత్తుకు కొంచెం పైన ఉండాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. దీపం ఒకటే ఉంటే బ్లేడు నీడ గీత మీద పడుతుంది. రెండు వైపుల నుంచీ రెండు చిన్న దీపాలు పెట్టండి. ఇన్నేళ్ళలో కళ్ళూ మారాయి కదా. చదివే అద్దాల దూరం వేరు, బ్లేడు దూరం వేరు. ఆ దూరం కొలిచి కళ్ళ డాక్టరుకు చెప్తే దానికి తగ్గ అద్దాలు రాసిస్తారు. భూతద్దం ఉన్న దీపం వాడితే పనయ్యాక అద్దం మీద గుడ్డ కప్పండి. కిటికీలోంచి ఎండ దాని మీద పడితే కింద ఉన్న పొడి అంటుకుంటుంది. అతిశయోక్తి కాదు.

కాలితో నొక్కే స్విచ్ ఒకటి పెట్టుకోవడం నా లెక్కలో ఈ పనికి కొనగలిగిన వస్తువులన్నిట్లో మేలైనది. రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి.

ఆరు మిల్లీమీటర్ల పనికిరాని ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తో నాలుగైదు నిలువు గీతలు, ఒక అల, ఒక రంపపు పళ్ళ గీత, ఒక చుట్ట గీయండి. వేగం మధ్యస్థంగా ఉంచండి. వేగం మార్చగలిగే మెషీన్లు సాధారణంగా నిమిషానికి 400 నుంచి 1,800 స్ట్రోకుల దాకా ఇస్తాయి, వెయ్యి దగ్గర మొదలుపెడితే చాలు.

ముందు నిలువు గీత. చెక్కను తిన్నగా నెడితే గాడి గీత తప్పి ఒక పక్కకు, ఎక్కువగా కుడికి, పోతుంది. భయపడకండి, బ్లేడ్లన్నీ దాదాపు ఇంతే. పళ్ళు వేసేటప్పుడు ఒక పక్క సన్నటి అంచు మిగులుతుంది, ఆ పక్క పదును ఎక్కువ. అందుకని చెక్కను నాలుగైదు డిగ్రీలు ఏటవాలుగా నెట్టాలి. మీ బ్లేడు ఏ కోణంలో తిన్నగా పోతోందో పట్టుకోగానే, బల్ల మీద ఆ కోణంలో ఒక టేపు ముక్క అతికించండి. పాతరోజుల్లో ఈ సర్దుబాటు మీకు తెలియకుండానే చేతిలో ఉండేది. పోయింది ఒకటుంటే ఇదొక్కటే, పది గీతలు కోసేసరికి తిరిగొస్తుంది.

ఎంత బలంగా నెట్టాలి? బ్లేడు వెనక్కి వంగుతుంటే ఎక్కువ నెడుతున్నట్టు. వేళ్ళు చెక్కను బల్లకు అదమాలి, ముందుకు పోవడం బ్లేడు పని. వేళ్ళెప్పుడూ బ్లేడుకు పక్కనే ఉండాలి, ఎదురుగా వద్దు.

మూల తిరగడం ఈ పని మొత్తంలో అసలైన విద్య. గీత కొసకు చేరగానే నెట్టడం ఆపండి, మెషీన్ నడుస్తూనే ఉండాలి. చెక్కను వెంట్రుక వాసి మీ వైపు లాగండి, బ్లేడు పళ్ళు చెక్కను వదిలి, వీపు గాడిలో ఆనుతుంది. ఇప్పుడు బ్లేడునే ఇరుసుగా చేసుకుని చెక్కను గబుక్కున తిప్పండి. నెమ్మదిగా తిప్పితే మూల గుండ్రమై, బ్లేడు అక్కడే అరిగి చెక్క మాడుతుంది. పళ్ళ మీద బరువు పెడుతూ తిప్పినా అంతే. రంపపు పళ్ళ గీత మీద ఇదొక్కటే ఇరవై ముప్పై సార్లు చేయండి.

గీత తప్పితే ఉలిక్కిపడి ఒక్కసారిగా వెనక్కి లాగకండి, మెట్టులాంటి గుర్తు పడుతుంది. మెల్లగా వంపు తీసుకుంటూ గీత మీదికి రండి. చెక్క మీద అంటించిన డిజైన్ కాగితం పీకేశాక అసలు గీత ఎక్కడుండేదో చూసేవాళ్ళెవరికీ తెలియదు.

మొదటి పని ఏది?

అప్పట్లో సగంలో వదిలేసిన పెద్ద జాలీ పనిని ఇప్పుడే ముట్టుకోకండి. ఇరవై మిల్లీమీటర్ల మెత్తటి చెక్కలో అయిదారు ముక్కల జంతువు పజిల్ ఒకటి కోయండి. బెజ్జాలు అక్కర్లేదు, ఒక సాయంత్రంలో అయిపోతుంది, బల్ల మట్టం నుంచి మూలల దాకా మీరు సరిచేసిన ప్రతిదానికీ అదే పరీక్ష. పజిళ్ళకీ ఈ రంపం పనికీ సంబంధం పాతదే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే, పటాలు చెక్కి అచ్చువేసే పనివాడు దేశాల పటాలను చెక్క పలక మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు.

రెండో పనిగా పది పదిహేను బెజ్జాలున్న చిన్న జాలీ పలక తీసుకోండి. దీనికి మామూలు చెక్క కన్నా ప్లైవుడ్ నయం, పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి గనుక సన్నటి కొమ్మలు విరగవు. చెక్కే వాడాలనుకుంటే సన్నటి భాగాలు పొరల దిశలోనే పొడుగ్గా ఉండేలా డిజైన్‌ని తిప్పి అంటించండి.

అంటించే తీరు ఇది. చెక్క మీద ముందు పెయింటర్లు వాడే నీలం టేపు పరవండి. డిజైన్ కాగితం వెనక స్ప్రే జిగురు కొట్టి, అరనిమిషం ఆగి, టేపు మీద అతికించండి. పనయ్యాక టేపుతో పాటు కాగితమూ ఊడొస్తుంది, చెక్కను గీకే బాధ ఉండదు. మేపుల్, చెర్రీ లాంటి త్వరగా మాడే చెక్కలకు కాగితం పైన పార్సిల్ టేపు కూడా వేయండి, మాడడం బాగా తగ్గుతుంది.

బెజ్జాలు బ్లేడు దూరేంత ఉంటే చాలు, 1 నంబరుకు ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు. కింద పాత చెక్క ముక్క పెట్టి డ్రిల్లు చేయండి. ఆ తర్వాత పలకను తిరగేసి అడుగున లేచిన పేళ్ళను ఉప్పు కాగితంతో తీసేయండి. ఆ పేళ్ళుంటే పలక బల్ల మీద సమంగా కూర్చోదు, ప్రతి మలుపులో తట్టుకుంటుంది.

కోసే వరుసలో లోపలివి ముందు, బయటి అంచు ఆఖర్న. లోపలివాటిలోనూ నడుమ నుంచి అంచుల వైపు రండి, అతి సన్నటివి ముందు కోయండి, అప్పటికి చుట్టూ గట్టి చెక్క ఉంటుంది. లోపలి మూలలు పదునుగా రావాలంటే ఒక వైపు నుంచి మూల దాకా కోసి, గాడిలోనే కాస్త వెనక్కి వచ్చి, వ్యర్థం వైపు తిరిగి, రెండో వైపు నుంచి మళ్ళీ మూలకు చేరండి. కోశాక ఊడిన ముక్కల్ని పారేయకండి. బాగా సున్నితమైన చోట్ల వాటిని తిరిగి వాటి చోట్లోనే పెట్టి పైన టేపు వేస్తే, పక్క బెజ్జం కోసేటప్పుడు ఆధారంగా నిలుస్తాయి.

బ్లేడు ఎప్పుడు మార్చాలి? చెక్క మాడుతున్న వాసన వస్తున్నా, ఇందాకటి కంటే ఎక్కువ నెట్టాల్సి వస్తున్నా, గీత మీద నిలవక కొట్టుకుంటున్నా, వెంటనే. గట్టి చెక్కలో ఒక్కోసారి ఇరవై నిమిషాలకే పోతుంది. తెగితే పట్‌మని మోగుతుంది, కానీ పై ముక్క ఆర్మ్‌తో పాటు కొట్టుకుంటూనే ఉంటుంది. ముందు స్విచ్ ఆపండి, తర్వాతే చెయ్యి పెట్టండి. కంటికి అద్దాలు, ముక్కుకు ఎన్‌95 మాస్కు మొదటి నిమిషం నుంచే. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) కోస్తుంటే మాస్కు తప్పనిసరి, ఆ పొడి మరీ మెత్తటిది, పైగా అందులో జిగురు కలిసి ఉంటుంది. మణికట్టు నొప్పెట్టే దాకా ఆగకుండా అరగంటకోసారి లేవండి. అలసినప్పుడే వేళ్ళు బ్లేడుకు ఎదురుగా వస్తాయి.

చివరి మెరుగు

టేపు పీకాక లోపలి అంచుల్ని సన్న ఆకురాయితోనో, మడత పెట్టిన 220 నంబరు ఉప్పు కాగితంతోనో తాకీ తాకనట్టు రుద్దండి. సరైన బ్లేడుతో కోసి ఉంటే ఇది పెద్దగా అవసరం పడదు. జాలీ పలకకు బ్రష్‌తో వార్నిష్ వేస్తే మూలల్లో పేరుకుంటుంది. పలచటి నూనె ఫినిష్‌ని వెడల్పాటి పళ్ళెంలో పోసి, పలకను ముంచి తీసి, కారాక గుడ్డతో ఒత్తండి. నూనెలో అవిసె నూనె ఉంటే ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు అది దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. ఆరుబయట విడిగా పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదంటే నీళ్ళు నింపిన మూతున్న ఇనుప డబ్బాలో వేయండి. మెషీన్ బ్లేడు బిగువు వదిలేసి, బల్ల మీద పొడి తుడిచి, గుడ్డ కప్పండి.